యాభై మీటర్లు

జనవరి 6

ట్రూప్ రికార్డులో రాయవలసింది రాసేశాను. "నేటి నుండి స్కౌట్ మాస్టరుగా బాధ్యతలు స్వీకరించడమైనది. హాజరు పందొమ్మిది మంది." ఇది వేరు. ఫ్రేముల కంపెనీవాళ్ళు ఏటా ఊరికే ఇచ్చే డైరీ ఇది. నా కళ్ళజోళ్ళ షాపులో కింది సొరుగులో ఉంటుంది. మా ఆవిడ ఇంట్లో అన్ని సొరుగులూ తెరుస్తుంది గానీ షాపు సొరుగుల జోలికి రాదు.

పదకొండేళ్ళు అసిస్టెంటుగా ఉన్నాను. పాత మాస్టారి మోకాళ్ళు మొరాయించాయి గనక సరిపోయింది, లేకపోతే ఇంకో పదకొండేళ్ళు ఆయన వెనకాల తాళ్ళు చుట్టుకుంటూ తిరిగేవాణ్ణే. విజిల్ నా చేతిలో పెట్టి, పిల్లలు మనం చెప్పింది వినరు, మనం చేసింది చూస్తారు అన్నాడు. ఈ మాట ఆయన నోట కనీసం నాలుగు వందల సార్లు విన్నాను. ఇవాళ మొదటిసారి నాకోసం అన్నట్టు వినిపించింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "ఇన్నాళ్ళూ ఆయన్ని చూసి సన్నాయి నొక్కులు నొక్కారుగా, ఇక మీరే వాయించండి," అంది.

వాయిస్తాను.

జనవరి 20

జిల్లా ఆఫీసు నుంచి ఉత్తరం. వార్షిక ర్యాలీ ఫిబ్రవరి 24న. వెండి నక్షత్రానికి అర్హులైన పిల్లల ఫారాలు పన్నెండో తేదీలోగా చేరాలి. మా ట్రూపుకి వెండి నక్షత్రం వచ్చి పధ్నాలుగేళ్ళయింది. అవతలి పేట ట్రూపువాళ్ళకి ఏటా ఒకటి వస్తుంది. వాళ్ళ మాస్టరు నా షాపులోనే కళ్ళద్దాలు చేయించుకుంటాడు. ఆ నక్షత్రాల సంగతి చెప్పుకోవడానికే అద్దాలు తుడిపించుకునే వంకతో వస్తాడని నా అనుమానం.

నక్షత్రానికి తొమ్మిది బ్యాడ్జీలు కావాలి. మా పిచ్చుకకి ఎనిమిది ఉన్నాయి. పిచ్చుక అంటే నా మేనకోడలు, మా చెల్లెలి కూతురు. పదమూడేళ్ళది. పేరు వేరే ఉన్నా, చిన్నప్పుడు నేను పెట్టిన ఈ పేరే ట్రూపంతటికీ అలవాటైంది. ముడులు, ప్రథమ చికిత్స, దిక్సూచి, వంట, అన్నీ అయిపోయాయి. మిగిలింది ఈత ఒక్కటే. బట్టలతో యాభై మీటర్లు, ఎక్కడా ఆగకుండా, కాలు నేలకి ఆనకుండా, గోడ పట్టుకోకుండా.

యాభై మీటర్లు ఎంత. పూల్ రెండుసార్లు.

ఫిబ్రవరి 3

పూల్ గేటుకి తాళం. మోటారు కాలిపోయిందట. కాగితం అంటించారు. ఎప్పుడు తెరుస్తారో రాయలేదు.

ఫిబ్రవరి 8

మళ్ళీ వెళ్ళాను. అదే కాగితం. వాచ్‌మన్ నన్ను చూసి, ఈత అంత అవసరమా సార్ ఈ చలిలో అన్నాడు.

ఫిబ్రవరి 10

ఇంకో పూల్ ఉన్న చోటికి బస్సులో రెండున్నర గంటలు. చెల్లికి ఆస్పత్రిలో డ్యూటీ, సెలవు దొరకదు. పిచ్చుకకి జలుబు. నేను షాపు మూయలేను.

నిజానికి మూయగలను. మూయలేదు.

ఫిబ్రవరి 12

పంపేశాను.

ఫిబ్రవరి 13

అబద్ధం అంటే లేనిది ఉన్నట్టు చెప్పడం. ఇది ఆ కోవలోకి రాదు. పోయిన ఏడు క్యాంపులో చెరువు దగ్గర పిచ్చుక ఒడ్డు నుంచి తెప్ప దాకా వెళ్ళడం నా కళ్ళతో నేను చూశాను. చేతులు బారలు వేస్తూ, తల పైకెత్తి, చక్కగా వెళ్ళింది. అది నలభై మీటర్లకి తక్కువ ఉండదు. పూల్ తెరిచి ఉంటే మిగతా పదీ ఈదేది. అంచేత ఇందులో మారింది తేదీ ఒక్కటే. పూల్ తెరవగానే ఈదించేస్తాను, అప్పుడు కాగితమూ నిజమూ కలిసిపోతాయి.

కంటి నంబరులో పావు తేడా వచ్చినా అద్దం వెనక్కి పంపే మనిషిని నేను. ఎవరినైనా అడగండి. ఎవరిని అడగమంటున్నానో, అదీ డైరీలో.

పిచ్చుకకి కూడా చెప్పాను. ఫారం పంపేశానమ్మా, నీ ఈత నేను చూశాను కదా, తర్వాత ఒకసారి లాంఛనంగా చేసేద్దాం అన్నాను. అది జలుబు ముక్కుతో నా వంక కాసేపు చూసి, "సరే మామయ్యా," అంది.

ఫిబ్రవరి 24

వచ్చింది. పధ్నాలుగేళ్ళ తర్వాత. వేదిక మీద పేరు పిలిచినప్పుడు మా పిల్లలు పద్దెనిమిది మందీ ఎగిరి గంతులేశారు. చెల్లి డ్యూటీ మార్పించుకుని వచ్చింది. వాళ్ళాయన వదిలేసి వెళ్ళిన ఈ ఆరేళ్ళలో అది నవ్వుతూ ఏడవడం ఇవాళే చూశాను. అవతలి పేట మాస్టరు నా చెయ్యి గట్టిగా ఊపాడు.

మా ఆవిడ ఈత బ్యాడ్జీని రాత్రే చొక్కా చేతికి కుట్టి ఉంచింది. కుట్లు చూసి జిల్లా ఆఫీసరు భార్య కూడా మెచ్చుకుంది.

పిచ్చుక ఫొటోలో కింద చూస్తోంది. ఎండ కళ్ళలో పడింది.

మార్చి 9

ముడుల పోటీ. చిన్నపిల్లల్లో బేకరీవాళ్ళ రెండో అమ్మాయి గెలిచింది. తొమ్మిదేళ్ళది, గుండ్రంగా ఉంటుందని అందరూ బుడంకాయ అంటారు. ఎక్కడ వద్దంటే అక్కడికే వెళుతుంది.

పూల్ తెరిచారు. పిచ్చుకకి పరీక్షలు.

మార్చి 16

పిచ్చుకకి చెవిపోటు.

మార్చి 23

దిక్సూచి పట్టుకుని అడవిలో నడక. పదహారు మంది. నేనే దారి తప్పించాను. దిక్సూచి సరిగానే చూపించింది, చూసేవాడి బుర్ర ఇక్కడ లేదు. గంటన్నర ఎక్కువ నడిచాక, "అన్నా, ఇదే చెట్టు మూడోసారి చూస్తున్నాం," అని అసిస్టెంటు అంది. ఆవిడ సిటీ బస్సు డ్రైవరు, పిల్లలంతా బస్సక్క అంటారు. పాతికేళ్ళుగా ఒక్క స్టాపు వదలని మనిషి. ఆవిడ ముందు దారి తప్పడం తలకొట్టేసినట్టయింది.

ఏప్రిల్ 6

ఇవాళ ఈదించాను.

పూల్‌లో ఎవరూ లేని వేళ చూసి తీసుకెళ్ళాను. గట్టు మీద కూర్చుని చాలాసేపు కాళ్ళు ఆడించింది. దిగింది. పన్నెండు మీటర్లు. తర్వాత రెండు చేతులతో గోడ కడ్డీ పట్టుకుని దగ్గింది. దగ్గి దగ్గి కళ్ళు ఎర్రబడ్డాయి.

పోయిన ఏడు చెరువులో అంతదూరం ఎలా వెళ్ళావమ్మా అన్నాను. అప్పుడంది.

"అక్కడ నీళ్ళు నా నడుము దాకానే మామయ్యా. నేను నడిచాను. ఊరికే చేతులు ఆడించాను, అందరూ ఈదుతున్నారని."

తెప్పని ఆ ఏడు ఒడ్డుకి దగ్గరగా కట్టారు. ఆ సంగతి నాకూ తెలుసు. కట్టింది నేనే.

వారానికి రెండుసార్లు వద్దాం, నెలలో వచ్చేస్తుంది అన్నాను. తల ఊపింది. టవల్ తల మీంచి తియ్యలేదు, ఇంటి దాకా.

ఏప్రిల్ 20

రాలేదు. కడుపునొప్పి.

ఏప్రిల్ 27

రాలేదు. స్నేహితురాలి పుట్టినరోజు. నేనే ఊపిరి పీల్చుకున్నాను. ఇలా రాసుకోవడానికి సిగ్గుగా ఉంది.

మే 11

కాలువ గట్టు శుభ్రం చేశాం. ముప్ఫై ఒక్క బస్తాల చెత్త. పాడైన గొడుగులు, ఒక కుర్చీ, ఎవరిదో కట్టుడుపళ్ళ సెట్టు. బుడంకాయ ఆ పళ్ళు తొడుక్కోబోతే బస్సక్క పట్టుకుంది.

పిచ్చుక నాకు దూరంగా, అవతలి గట్టు మీద పని చేసింది. పూల్ మాట ఎత్తితే మొహం మాడ్చుకుంటోంది. ఎత్తకపోతే నా వైపు చూస్తోంది. నాకూ కాలు ఒక చోట నిలవడం లేదు. షాపులో ఫ్రేములన్నీ దించి రంగుల వారీగా సర్దాను. మర్నాడు మళ్ళీ ధరల వారీగా సర్దాను. ఏమిటీ కాలు కాలిన పిల్లి వేషాలు అంది మా ఆవిడ.

జూన్ 15

ఈ ఏటి క్యాంపు జాబితాలు వేశాం. చెరువు దగ్గర నాలుగు రోజులు. చిన్నపిల్లలు స్నానాలు చేసేటప్పుడు లోతు మొదలయ్యేచోట తాడు కడతాం, తాడు పక్కనే తెప్ప. ఈత బ్యాడ్జీ ఉన్నవాళ్ళు వంతులవారీగా ఆ తెప్ప మీద కాపలా కూర్చోవాలి. మొదట్నుంచీ ఉన్న పద్ధతి ఇదే. చొక్కా చేతికి బ్యాడ్జీ ఉందా లేదా, అంతే. ఎవరూ ఇంకేమీ అడగరు.

బస్సక్క పిచ్చుక పేరు శుక్రవారానికి రాసింది. దాన్ని వంటలో వేద్దాం, వంట బాగా చేస్తుంది అన్నాను.

"వెండి నక్షత్రం ఉన్న పిల్లని బంగాళదుంపలు చెక్కమంటావా అన్నా? చిన్నబుచ్చుకోదూ?"

అప్పుడే చెప్పి ఉండవలసింది. పెన్ను ఆవిడ చేతిలోనే ఉంది. ఒక్క గీత. నేను టీ తాగాను.

తెప్పని ఈసారి కూడా ఒడ్డుకి దగ్గరగా కడదామంటే, వానలు బాగా పడ్డాయి, ఎక్కడ కట్టినా లోతే అంది.

జూలై 12, క్యాంపు

ప్రమాదం తప్పింది. అందరూ క్షేమం. ఇవాళ్టికి ఇంతే.

జూలై 15

ఇంటికి చేరాం. జరిగింది జరిగినట్టు రాసుకుంటే కుదుటపడతానేమో.

శుక్రవారం పదకొండు గంటలకి చిన్నపిల్లలు స్నానాలకి దిగారు. తెప్ప మీద పిచ్చుక. ఒడ్డున బస్సక్క. నేను కొంచెం ఎత్తులో, జెండా కర్ర దగ్గర. బుడంకాయ తాడు కిందినుంచి దూరింది. ఎందుకు దూరిందంటే అవతల ఏముందో చూద్దామని అంటోంది. ఒక్కసారిగా మునిగింది, తేలింది, మునిగింది. తెప్పకి ఏడెనిమిది మీటర్ల దూరం. పిచ్చుక తెప్ప మీది రబ్బరు రింగు విసిరింది. గాలికి పక్కన పడింది. పిచ్చుక లేచి నిలబడింది. తర్వాత కూర్చుండిపోయింది. భయపడింది. పదమూడేళ్ళ పిల్ల, భయపడదా?

బస్సక్క బూట్లతో సహా దూకి ఈదుకుంటూ వెళ్ళి, జుట్టు పట్టుకుని లాక్కొచ్చింది. నేను పరుగెత్తి నీళ్ళ దగ్గరికి చేరేసరికి అంతా అయిపోయింది. బుడంకాయ నీళ్ళు కక్కింది. సాయంత్రానికి రెండు గుడ్లు తిని మూడోది అడిగింది.

పిచ్చుక తెప్ప మీదే ఉండిపోయింది. పడవలో వెళ్ళి నేనే దింపాను.

ఇదీ జరిగింది.

జూలై 27

కుదుటపడలేదు.

పిల్లలు పిచ్చుకకి పేరు పెట్టారట. ఒడ్డు నక్షత్రం. మీటింగులో వెనకనుంచి ఎవరో అనడం నా చెవిన పడింది. విజిల్ వేసి ఆపాను. ఎవరన్నారో కనుక్కోలేదు.

బేకరీ ఆయన షాపుకొచ్చాడు. కేకలు వేస్తాడనుకున్నాను, వెయ్యలేదు. బ్యాడ్జీ పెట్టుకున్న పిల్ల నా బిడ్డ మునిగిపోతుంటే బొమ్మలా కూర్చుంది, అలాంటి పిల్లకి ఆ నక్షత్రం ఎందుకు మాస్టారూ అని నెమ్మదిగా అడిగాడు. కమిటీలో పెట్టి రద్దు చేయించాలట. నేను తల ఊపాను. ఆయన వెళ్ళాక కూడా ఊపుతూనే ఉన్నాను.

ఆగస్టు 3

పిచ్చుక మీటింగుకి రాలేదు.

ఆగస్టు 10

రాలేదు. జిల్లా ఆఫీసుకి రిపోర్టు రాశాను. "విధిలో ఉన్న స్కౌటు ఆందోళనకు లోనై తగిన చర్య తీసుకొనలేకపోయినది." ఆందోళన అన్నది మంచి మాట. అందులో ఎవరి తప్పూ లేదు.

ఆగస్టు 13

చెల్లి డ్యూటీ దిగి నేరుగా షాపుకొచ్చింది, నర్సు బట్టల్లోనే. పిల్ల బళ్ళోకి కూడా వెళ్ళనంటోందట. ఏమైందే అంటే ఏమీ లేదంటుందట. "అది పిరికిది కాదన్నయ్యా. నాలుగేళ్ళప్పుడు పాముని చూపించి ఇదేం పేరమ్మా అని అడిగిన పిల్ల అది. ఎందుకు దూకలేదో నీకైనా చెప్పిందా?" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

లేదమ్మా అన్నాను. టీ తెప్పించి ఇచ్చాను.

ఆగస్టు 31

ఇవాళ నలుగురికి తప్పు నంబర్లు రాశాను. ఒకాయన తిరిగొచ్చి, మాస్టారూ ఈ అద్దాల్లోంచి మా ఆవిడ ఇద్దరు కనిపిస్తోంది, ఒకరే చాలు అన్నాడు. షాపులో అందరూ నవ్వారు. నేను వెనకగదిలోకి వెళ్ళిపోయాను.

సెప్టెంబరు 7

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట. ఇన్నాళ్ళూ ఆ మాట వేరేవాళ్ళ మీద వాడుకుని నవ్వుకున్నాను.

మీటింగయ్యాక బస్సక్కా నేనూ బెంచీలు సర్దుతున్నాం. "నాకొకటి అర్థం కావడం లేదన్నా," అంది. "నేను నీళ్ళలోకి దిగుతూ చూశాను. ఆ పిల్ల మోకాళ్ళు వంచింది, దూకడానికే. ఇంకో క్షణంలో దూకేదే. మరి ఎందుకు కూర్చుంది?"

నేను, "నేనేమీ అరవలేదు," అన్నాను.

ఆవిడ చేతిలో బెంచీ కింద పెట్టి నా వైపు చూసింది. అరిచావా అని ఆవిడ అడగలేదు. ఎవరూ అడగలేదు. మిగతా బెంచీలు నన్నే సర్దుకోమని వెళ్ళిపోయింది.

సెప్టెంబరు 8

అరిచాను.

జూలై పదిహేను నాడు జరిగింది జరిగినట్టు అని రాసుకున్నది ఇందాక మళ్ళీ చదివాను. లేచి నిలబడింది, తర్వాత కూర్చుండిపోయింది. ఆ రెండు మాటల మధ్య నేనున్నాను. జెండా కర్ర దగ్గరనుంచి గొంతు చించుకుని, "పిచ్చుకా, దూకొద్దు, నీకు ఈత రాదు," అని అరిచాను. ఒడ్డున పిల్లలు గోలగోలగా కేకలు పెడుతున్నారు, ఇంకెవరికీ వినపడలేదు. దానికి వినపడింది. నా వైపు తిరిగింది. కూర్చుంది.

అది భయపడలేదు. నా మాట విన్నది. రెండు నెలలుగా నా మాట విన్నందుకు దాన్ని అందరూ పిరికిది అంటుంటే, అది నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. దాని మౌనమూ నా మౌనమూ ఒకటే అన్నట్టు రిపోర్టు రాసి ముద్ర కూడా వేశాను.

దూకి ఉంటే ఇద్దరు మునిగేవాళ్ళు. అరిచినందుకు నాకు విచారం లేదు. మిగతా అంతటికీ ఉంది.

సెప్టెంబరు 15

మా ఆవిడకి చెప్పాను. కుట్టుమిషను ఆపకుండా విన్నది. అంచు చివరిదాకా కుట్టి, దారం తెంపి, "ఆ బ్యాడ్జీ నా చేత్తో కుట్టించారు," అంది. భోజనం పెట్టింది, తాను తినలేదు.

సెప్టెంబరు 21

ఇవాళ చెబుదామనుకున్నాను. వాన పడింది, చాలామంది రాలేదు.

సెప్టెంబరు 28

కమిటీ వచ్చే శనివారం. వెండి నక్షత్రం రద్దు చేసే విషయం. కారణం: విధి నిర్వహణలో వైఫల్యం. నేనే సంతకం పెట్టాలి. సంతకాలకి మాత్రం నన్ను మించినవాడు లేడు.

రాజీనామా ఇచ్చి ఊరుకుంటే? అనారోగ్యం అని రాస్తే? మూడు రకాలుగా రాసి చూశాను. మూడూ చక్కగా ఉన్నాయి. చింపేశాను.

అక్టోబరు 5

ముందు చెల్లికి చెప్పాలి కదా. చెప్పలేదు. ధైర్యం ఒక్కసారికే సరిపడా ఉందనిపించింది, నేరుగా కమిటీకే వెళ్ళాను. అది కూడా తప్పే.

హాల్లో పాత మాస్టారు, బస్సక్క, బేకరీ ఆయన, మందుల షాపావిడ. కాగితం నా ముందు పెట్టారు. కూర్చుంటే చెప్పలేనని లేచి నిలబడ్డాను.

"ఆ పిల్లకి ఈత రాదు. పరీక్ష జరగలేదు. ఫారం మీద దొంగ సంతకం నాది. ఆ రోజు అది దూకబోతుంటే దూకొద్దని అరిచింది కూడా నేనే. అది నా మాట విన్నది."

బేకరీ ఆయన మొహం తెల్లబడింది. ఈత రాని పిల్ల చేతుల్లో మా బుడ్డదాన్ని పెట్టావన్నమాట అన్నాడు. అవునన్నాను. ఇన్ని నెలలూ బేకరీకి వెళ్ళినప్పుడల్లా నాకు వేడి రొట్టె ఏరి ఇచ్చిన మనిషి ఆయన.

పాత మాస్టారు తల ఎత్తకుండా, "ఎంత ఈదగలదు?" అన్నాడు.

"పన్నెండు మీటర్లు."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఏప్రిల్లో."

ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు, ఏప్రిల్ నుంచి జూలై దాకా. ఇక ఇక్కడికి రావద్దు అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది. మోకాళ్ళు పట్టుకుని, కష్టపడి లేచి, తలుపు ఆయనే తీశాడు.

అక్టోబరు 6

చెల్లి దగ్గరికి వెళ్ళాను. అప్పటికే తెలిసిపోయింది. గుమ్మంలోనే నిలబెట్టింది.

"దాన్ని అందరూ పిరికిదంటున్నారని నీ షాపుకొచ్చి ఏడ్చాను. అప్పుడు నీకు తెలుసు. నాకు టీ తెప్పించి ఇచ్చావన్నయ్యా."

తలుపు వేసింది. గట్టిగా కూడా వెయ్యలేదు.

అక్టోబరు 19

శనివారం నాలుగు గంటలు. షాపు మూసి, అలవాటుగా హాలు దాకా నడిచి, మలుపులో వెనక్కి తిరిగాను. లోపలినుంచి బస్సక్క విజిల్ వినిపించింది. నాకంటే గట్టిగా వేస్తుంది.

అక్టోబరు 26

మళ్ళీ అదే. ఈసారి మలుపు దాకా వెళ్ళకముందే తిరిగాను.

జిల్లా ఆఫీసు నుంచి ఉత్తరం ఇంటికొచ్చింది. నక్షత్రం వెనక్కి తీసుకున్నారు. కారణం: మాస్టరు తప్పుడు ధ్రువీకరణ. పిల్ల తప్పేమీ లేదని వేరుగా రాశారు. ఆ వాక్యం కోసం ఉత్తరం అంతా రెండుసార్లు చదివాను.

నవంబరు 14

పిచ్చుక షాపుకొచ్చింది. బడి సంచీతో. మళ్ళీ బడికి వెళుతోందని అప్పుడే తెలిసింది. ఒకావిడ కంటి పరీక్ష జరుగుతోంది, ఆవిడ వెళ్ళేదాకా స్టూలు మీద కూర్చుని గోడ మీది అక్షరాల చార్టు పై నుంచి కింది దాకా చదువుకుంది. ఆవిడకి ఏ నంబరు రాశానో, రేపు ఒకసారి పిలిచి మళ్ళీ చూడాలి.

ఎవరితోనూ ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను. చెబితే నీ ట్రూప్ పోయేది కదా అంది, ఇంకేముంటుంది అన్నట్టు. పదకొండేళ్ళు ఎదురుచూశానని దానికి ఎవరు చెప్పారు? నేనే. పండక్కీ పబ్బానికీ నేనే చెప్పుకున్నాను.

తర్వాత, నా వైపు చూడకుండా చెప్పింది.

"నాకు ఈత రాదని నాకు తెలుసు మామయ్యా. కానీ నువ్వు సంతకం పెట్టావు కదా. నీ లెక్క ఎప్పుడూ తప్పదంటారు అందరూ. అందుకని, పూల్‌లో రాలేదు గానీ నిజంగా అవసరమైతే వచ్చేస్తుందేమో అనుకున్నాను. అందుకే లేచాను."

ఇన్నాళ్ళూ అది నన్ను కాపాడుతోందనుకున్నాను. అది నన్ను నమ్మింది. ఆ రోజు దానికీ ఆ లోతుకీ మధ్య ఉన్నది నా కేక ఒక్కటే, దాన్ని ఆ అంచుదాకా నడిపించింది నా సంతకం.

క్షమించమ్మా అన్నాను. ఆ మాట దానికి ఇంతవరకూ చెప్పనే లేదని చెప్పాకే గుర్తొచ్చింది. అది ఊఁ అంది. క్షమించానని అనలేదు. సంచీ తగిలించుకుని, శనివారాలు చిన్నపిల్లల బ్యాచ్‌లో ఈత నేర్చుకుంటున్నాను, బస్సక్క నేర్పుతోంది అంది. ఆ బ్యాచ్‌లో అందరూ దాని నడుము ఎత్తు ఉంటారు.

నవంబరు 30

మళ్ళీ మళ్ళీ కాచిన కాఫీలాగా రోజులు. షాపు, ఇల్లు. మా ఆవిడ మామూలుగా మాట్లాడుతోంది, మామూలుకంటే కాస్త తక్కువ. ఆ బ్యాడ్జీ సంగతి మళ్ళీ ఎత్తలేదు. కుట్టడానికి ఎవరేం ఇచ్చినా ముందు ఇది నిజంగా నీదేనా అని అడుగుతోంది. నవ్వుతూనే అడుగుతోంది.

డిసెంబరు 14

పిచ్చుకకి ఈత పరీక్ష ఈ నెల ఇరవై ఒకటిన. ఈ సంగతి మా ఆవిడ చెప్పింది, ఆవిడకి చెల్లి చెప్పింది. నన్ను రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. మీరు వస్తే మూలన కూర్చోండి అంది మా ఆవిడ. వారమంతా ఇదే ఆలోచన. వెళితే దానికి కాళ్ళూ చేతులూ ఆడవేమో. వెళ్ళకపోతే ఇంకోసారి తప్పించుకున్నట్టు.

డిసెంబరు 21

వెళ్ళాను. పైమెట్ల మీద, చివరన. చెల్లి కింది మెట్ల మీద కూర్చుంది, వెనక్కి తిరగలేదు. బేకరీ ఆయన బుడంకాయని తీసుకొచ్చాడు. అది గట్టు అంచున నిలబడబోతే మెడపట్టి వెనక్కి లాగాడు.

యూనిఫాంతో దిగింది పిచ్చుక. చొక్కా చేతి మీద కుట్లు విప్పిన చోట గుడ్డ రంగు ముదురుగా ఉంది. విజిల్. మొదటి పది మీటర్లు తల మరీ పైకెత్తి ఈదింది. నేను లెక్కపెట్టకూడదనుకున్నాను, గోడ మీది గుర్తుల వైపు చూడకూడదనుకున్నాను. పన్నెండు దాటింది. పాతిక దగ్గర గోడ ముట్టుకోకుండా తిరిగింది. అక్కడినుంచి నీళ్ళు బరువెక్కాయి, ఒక్కో బార వేయడానికి రెండు బారలంత సేపు పడుతోంది. బుడంకాయ గట్టు వెంబడి దాంతోపాటు నడుస్తూ పోతోంది, వాళ్ళ నాన్న ఈసారి లాగలేదు. ముప్ఫై దాటాక పిచ్చుక మునిగి, తేలి, గోడ కడ్డీ పట్టుకుంది.

చాలాసేపు దగ్గింది. చెల్లి లేచి మళ్ళీ కూర్చుంది.

బస్సక్క మోకాళ్ళ మీద కూర్చుని, ఫారం మీద రాస్తూ పైకి చదివింది. "ముప్ఫై రెండు మీటర్లు. పూర్తి కాలేదు."

పిచ్చుక నీళ్ళలోంచే చెయ్యి అడ్డంగా ఊపింది. ఊపిరి అందడం లేదు, ఆగి ఆగి చెప్పింది.

"ముప్ఫై రెండు కాదక్కా. ముప్ఫయ్యే. అక్కడ నా కాలు నేలకి ఆనింది. నువ్వు చూడలేదు."

బస్సక్క రాసింది కొట్టేసి ముప్ఫై అని రాసింది. ఫారం వంచి పట్టుకుంటే, పిచ్చుక తడి చేత్తో దాని కింద సంతకం పెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు, బేకరీ ఆయన కూడా కొట్టాడు. నాకు కొట్టే హక్కు ఉందో లేదో తెలియక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.